ఐదడుగుల దారిలో పసిబండి

ముప్పై మూడేళ్ళు బడిలో తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి పుచ్చుకున్నవాడికి కొత్త వస్తువు చేతికొస్తే, ముందు ధ్యాస దాని పేరు మీదికే పోతుంది. సింగపూరులో మా అమ్మాయి ఇంట రెండు నెలలు ఉండి వద్దామని వెళ్ళాను. చేరిన మూడవనాటి ఉదయం అది పది నెలల మనవణ్ణి ఒక మడత బండిలో కూర్చోబెట్టి, నడుముకు పట్టీ బిగించి, "నాన్నగారూ, పొద్దున పూట వీణ్ణి కాసేపు తిప్పుకు రండి. మీకు ఊరు చూసినట్టూ ఉంటుంది" అని పిడి నా చేతికిచ్చింది. దాన్ని అక్కడ స్ట్రోలర్ అంటారు. 'తోపుడు బండి' అందామంటే ఆ మాట ఏనాడో కూరగాయల వాళ్ళ సొత్తయిపోయింది. 'శిశుశకటం' అందామంటే శకటాసురుడు గుర్తుకొస్తాడు. మావాడు కాళ్ళతో తన్నే తీరు చూస్తే ఆ పేరూ తప్పు కాదు గానీ, ఇంట్లో ఒప్పుకోలేదు. చివరికి 'పసిబండి' అని పేరు పెట్టుకున్నాను. ఇంతకంటే మంచి మాట మీకు తోస్తే సంతోషంగా మార్చుకుంటాను.

ఈ వాహనానికీ చిన్నపాటి పురాణం ఉంది. 1733లో విలియం కెంట్ అనే ఆంగ్లేయ ఉద్యానశిల్పి డెవన్‌షైర్ డ్యూకు పిల్లల కోసం గవ్వ ఆకారపు బండి ఒకటి తయారుచేశాడు. దానికి మేకనో పొట్టి గుర్రాన్నో కట్టేవారట. మావాడి బండి వంటి మడత బండి మాత్రం 1965 నాటిది. రెండవ ప్రపంచయుద్ధంలో పేరుమోసిన స్పిట్‌ఫైర్ విమానపు చక్రాల అమరికలో పనిచేసిన ఓవెన్ మెక్లారెన్ అనే ఇంజనీరు, తాతగారైన తరువాత, అల్యూమినియం గొట్టాలతో గొడుగులా ముడుచుకొనే బండిని రూపొందించాడు. విమానం చక్రాలు ఆకాశంలో ముడుచుకొని నేల చేరేవేళ విచ్చుకుంటాయి. ఈ బండి మెట్ల దగ్గర ముడుచుకొని చదును నేలమీద విచ్చుకుంటుంది. ఊళ్ళు చక్రానికి అనుకూలంగా లేవు కాబట్టే చక్రం ముడుచుకోవడం నేర్చుకుందని నాకనిపించింది.

సింగపూరు చరిత్ర కొంత చదువుకొనే వెళ్ళాను. అయితే కళ్ళతో చదివిన చరిత్ర వేరు, చక్రానికి తగిలే చరిత్ర వేరు. కాలినడకన పోయేవాడు నాలుగంగుళాల మెట్టును గమనించకుండానే దాటిపోతాడు. పసిబండి ఆ మెట్టు దగ్గర ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా, ఈ మెట్టు ఇక్కడికి ఎలా వచ్చింది, ఎవరు కట్టారు, ఎవరిని తలచుకొని కట్టారు అని అడుగుతూ పోయాను. నేను ఆ ఊరి చరిత్ర నేర్చుకున్నది చాలామటుకు ఈ తీరుగానే.

మొదటి పాఠం ఇంటి గుమ్మంలోనే మొదలైంది. అమ్మాయి వాళ్ళది ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టిన పాత సముదాయంలో ఏడవ అంతస్తు. ఆ సంస్థ 1960లో ఏర్పడింది. మరుసటి సంవత్సరం మే 25న బుకిత్ హో స్వీ అనే గుడిసెల పేటలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి సుమారు 16,000 మంది నిలువనీడ లేనివారయ్యారు. అక్కడి నుంచి భవనాలు అతి వేగంగా లేచాయి. వేగమూ పొదుపూ ముఖ్యమైన ఆ రోజుల్లో ఎన్నో భవనాలలో లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగేది కాదు. నాలుగైదు అంతస్తులకొకచోట ఆగేది. మిగిలినవాళ్ళు పైకో కిందికో మెట్లు నడవవలసిందే.

మా పక్క వాటాలో తంజావూరు మూలాలున్న ఒక పెద్దాయన ఉండేవారు. మాది చిత్తూరు సీమ కావడం వల్ల నాకు అరవం పలుకుతుంది, కాబట్టి స్నేహం కుదిరింది. తన పిల్లలు చిన్నప్పుడు తాను చంకలో బిడ్డతోనూ, ఇల్లాలు చేతుల్లో సంచులతోనూ రెండంతస్తులు దిగి లిఫ్టు ఎక్కేవాళ్ళమని ఆయన చెప్పారు. 2001లో లిఫ్టులను మెరుగుపరిచే పథకం మొదలైంది. పాత గోడల పక్కనే కొత్త లిఫ్టు స్తంభాలు లేపి, వీలైన ప్రతి భవనంలోనూ ప్రతి అంతస్తుకూ ఆగే ఏర్పాటు చేస్తూ వచ్చారు. మా భవనానికి ఒక పక్కన అతికించినట్టు కనిపించే ఆ స్తంభాన్ని చూసి, ఇదేమిటి అందం చెడగొట్టారు అనుకున్నాను మొదట. సంగతి తెలిశాక, మునుపు చేసిన పొరపాటును ఒప్పుకొని రాసిన తప్పొప్పుల పట్టికలా కనిపించింది.

రెండవ పాఠం పాతపేట వీధుల్లో. అక్కడి పాత ఇళ్ళు కింద అంగడి, పైన కాపురం. ఆ ఇళ్ళన్నిటికీ ముందు వరుసగా ఒక వసారా ఉంటుంది. పై అంతస్తు ముందుకు వచ్చి దానికి కప్పవుతుంది. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎండ తగలకుండా వాన తడవకుండా పోవచ్చు. దీన్ని ఐదడుగుల దారి అంటారు. మలయు భాషలో 'కాకి లిమా'. కాకి అంటే పాదం, లిమా అంటే అయిదు. మన కాకికీ దానికీ సంబంధం లేదు.

దీని వెనుక ఉన్నవాడు 1819లో అక్కడ ఆంగ్లేయుల స్థావరాన్ని నెలకొల్పిన స్టాంఫర్డ్ రాఫిల్స్. 1822లో తిరిగి వచ్చి చూస్తే ఊరు తన ఇష్టం వచ్చినట్టు పెరిగిపోతున్నది. ఆ నవంబరులో పట్టణ నిర్మాణానికి ఒక సంఘాన్ని వేసి వివరమైన ఆదేశాలిచ్చాడు. ఏ జాతివారు ఏ పేటలో ఉండాలో గీతలు గీశాడు. దక్షిణభారతీయులకు 'చూలియా' పేరుతో ఒక పేట కేటాయించాడు. ఆ ఆదేశాలలోనే, ప్రతి ఇంటిముందూ నిర్ణీతమైన వెడల్పు గల వసారా ఉండాలనీ, అది ఎల్లవేళలా జనం నడవడానికి తెరిచి ఉండాలనీ ఒక నియమం పెట్టాడు. బలిచక్రవర్తిని వామనుడు అడిగినవి మూడడుగులే. ఈయన గృహస్థులందరినీ ఐదేసి అడుగులు అడిగాడు.

ఆ వసారాల్లో నడుస్తుంటే నాకు మన అరుగులు గుర్తుకొచ్చాయి. అరుగు ఇంటివాడిదే, కాని దారినపోయే బాటసారి కూర్చుంటే లెమ్మనడు. నా చిన్ననాట మా తాతగారి ఇంటి అరుగు మీద పగలు తపాలా జవాను సేదదీరేవాడు, రాత్రి ఏ ఊరివాడో తెలియని మనిషి తలకింద మూట పెట్టుకొని పడుకొనేవాడు. మన అరుగు దానమైతే, వాళ్ళ వసారా శాసనం. దానమైనా శాసనమైనా స్వంతానికీ పదిమందికీ నడుమ ఉన్న జాగా కాబట్టి తగాదా తప్పదు. మన పంచాయతీ తగవుల్లో సగం అరుగులు వీధిలోకి జరిగినవే కదా!

సింగపూరులో ఆ తగాదా 1888లో పెద్దదయింది. వసారాలలో అంగళ్ళవాళ్ళు సరుకు పేర్చారు, మంగలివాళ్ళు కుర్చీలు వేశారు, వంటకాలమ్మేవాళ్ళు పొయ్యిలు పెట్టారు. నడిచేవాళ్ళు ఎండలో బళ్ళ మధ్య నడిచారు. ఆ ఫిబ్రవరిలో పురపాలక అధికారులు వసారాలను ఖాళీ చేయించబోతే అంగళ్ళు మూతపడ్డాయి, వీధుల్లో అల్లర్లు చెలరేగాయి. చివరికి మనుషులు నడవడానికి చాలినంత చోటు వదిలితే చాలునన్న రాజీతో గొడవ సద్దుమణిగింది. న్యాయం ఎవరి వైపు ఉందంటే నేను చెప్పలేను. దారి నడిచేవాడిదే, కాని ఆ దారిలో పొయ్యి పెట్టుకున్నవాడికి వేరే చోటు లేదు. ఇండొనేషియాలో వీధి వర్తకులను ఈనాటికీ 'కాకి లిమా' పేరుతోనే పిలుస్తారు.

ఇక చక్రం మాట. ఐదడుగుల దారి శాసనం ఒక్కటే గాని, ఇళ్ళు కట్టినవాళ్ళు వేరు వేరు. ఏడాదికి రెండు వేల మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే ఊరు. ఎవరి ఇంటిమట్టం వాళ్ళు తమ భయాన్ని బట్టి ఎత్తుకున్నారు. అందువల్ల ఒక వసారాకూ పక్క వసారాకూ నడుమ ఒక మెట్టు ఎక్కడం, రెండు మెట్లు దిగడం తప్పదు. 1989లో ఈ పాతపేటలను పరిరక్షిత ప్రాంతాలుగా ప్రకటించారు. గోడలతోపాటు మెట్లూ నిలిచాయి. ఒక వీధిలో నలభై గజాలలో పదకొండుసార్లు బండి ముందు చక్రాలు ఎత్తాను. మావాడికది ఉయ్యాలలా ఉండి కిలకిలా నవ్వాడు. నా నడుముకు మాత్రం చరిత్ర బాగా అర్థమయింది.

అలా ఒకనాడు తెలుక్ ఆయర్ వీధికి చేరాను. ఆ పేరుకు నీటి అఖాతం అని అర్థం. ఇప్పుడు అక్కడ నీటి జాడ లేదు, కనుచూపు మేర ఆకాశహర్మ్యాలే. కాని పంతొమ్మిదవ శతాబ్దపు చివరి దశకాల్లో సముద్రాన్ని పూడ్చేదాకా అది ఒడ్డు. ఓడ దిగినవాళ్ళు ప్రాణాలతో చేరినందుకు మొక్కులు చెల్లించిన వీధి. తమిళతీరపు ముస్లిములు 1828–30 మధ్య కట్టుకున్న నాగూరు దర్గా అక్కడే ఉంది. దానికి కొద్ది దూరంలో సముద్రయానికులను కాచే మాజు అమ్మవారికి చీనావాళ్ళు 1839–42లో కట్టిన తియాన్ హాక్ కెంగ్ కోవెల. దాని గడప మోకాటికి కాస్త దిగువగా ఉంటుంది. కోవెలలోకి పోయేవాడు దాన్ని తొక్కకుండా దాటాలి. మన గడపకు పసుపు రాస్తాం, వాళ్ళు తమ గడపను తొక్కరు. భావం ఒక్కటే.

బండి అక్కడ ఆగింది. ఇక వెనుదిరుగుదామనుకుంటూ ఉండగా లోపలి నుంచి వస్తున్న ఒక ముసలమ్మ నావైపు చూసి ఏదో అని, వంగి ముందు చక్రాల పక్క పట్టుకుంది. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. ఇద్దరం కలిసి మావాణ్ణి బండితో సహా పల్లకీలా గడప దాటించాము. ఆమె వాడి బుగ్గ నిమిరి వెళ్ళిపోయింది. బాగుంది అనుకున్నాను. గడప ఎత్తుగా ఉంటేనేం, మనిషి ఉంటే చాలు అనుకొని ఇంటికి వచ్చి అమ్మాయికి కూడా అదే మాట గొప్పగా చెప్పాను. అది కాస్త ఆలోచించి, "మనిషి లేని రోజు సంగతేమిటి నాన్నగారూ?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు నాకు మెట్రో రైలు స్టేషనులో దొరికింది. ఆ రైలు 1987 నవంబరు 7న అయిదు స్టేషన్లతో మొదలైంది. చూడవచ్చిన ప్రపంచమంతా మెచ్చుకున్న ఆ కట్టడంలో ఒక్క లోపం ఉంది: చక్రాల కుర్చీలో ఉన్నవాడు దానిలోకి చేరే దారి లేదు. ఇందులోని వింత ఏమిటంటే, వికలాంగులు తమ మాట తామే చెప్పుకోవడానికి ఏర్పరచుకున్న ప్రపంచస్థాయి సంస్థ 'డిసేబుల్డ్ పీపుల్స్ ఇంటర్నేషనల్' పుట్టింది 1981లో, ఆ ఊళ్ళోనే. దాని మొదటి అధ్యక్షుడు, చూపు కోల్పోయిన రాన్ చంద్రన్ డడ్లీ, ఆ ఊరివాడే. ప్రపంచమంతటి నుంచి అటువంటివారు వచ్చి కూడిన ఊళ్ళో, ఆరేళ్ళ తరువాత కట్టిన స్టేషన్లకు మెట్లే మిగిలాయి. ఖర్చు ఎక్కువ అన్నది ఆనాటి సమాధానం.

వాళ్ళు అడగడం మానలేదు. 1990లో భవనాలకు అడ్డంకులు లేని ప్రవేశం ఉండాలనే నియమావళి వచ్చింది. 2003లో తెరిచిన ఈశాన్య మార్గంలో మొదటి నుంచే లిఫ్టులు పెట్టారు. పాత స్టేషన్లలో తవ్వి, పగలగొట్టి, చోటు చేసి లిఫ్టులు అమర్చడం 2006 నాటికి పూర్తయింది. చక్రాల కుర్చీ ఎక్కగల బస్సులూ ఆ ఏడే మొదలయ్యాయి. పిల్లల బండిని మడవకుండా బస్సు ఎక్కించడానికి అనుమతి వచ్చింది మాత్రం 2017 ఏప్రిల్ 2న. అంటే మావాడి దర్జా ప్రయాణానికి వయసు చాలా తక్కువ. 2013లో మొదలైన మరో పథకం కింద రైలు స్టేషన్లకు 400 మీటర్ల లోపలి బడులకూ ఆసుపత్రులకూ కప్పున్న నడకదారులు వేశారు. రాఫిల్స్ ఐదడుగుల దారికి అవి మునిమనవలు. ఇప్పుడు మెట్లు లేకుండా!

ఒకనాడు స్టేషను లిఫ్టు ముందు నిలబడి ఉన్నాను. తలుపు పక్కన ఉన్న బొమ్మల్లో మొదట చక్రాల కుర్చీ, తరువాత ముసలివాడు, ఆ తరువాత పసిబండి. లిఫ్టులో నాతోపాటు ఒక యువకుడు చక్రాల కుర్చీలో ఉన్నాడు. మావాడు అతని చక్రాన్ని వింతగా చూశాడు, అతను మావాడి చక్రాన్ని చూసి నవ్వాడు. ఈ లిఫ్టు మా కోసం పెట్టింది కాదని అప్పుడు అర్థమయింది. అతనివంటివారు ఇరవై ఏళ్ళు అడిగి సాధించుకున్న దారిలో తాతా మనవలం ఉచితంగా పోతున్నాం.

ఆ తరువాత జ్ఞాపకం వచ్చినది రాయాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను.

1991–92 విద్యాసంవత్సరంలో నా పదవ తరగతిలో పోలియో సోకిన కుర్రాడు ఒకడు ఉండేవాడు. పద్యం చదివితే గొంతు గంటలా మోగేది. పదవ తరగతి మేడమీద. వాడు మెట్ల మీద కూర్చొని, రెండు చేతులతో ఒళ్ళు ఎత్తుకుంటూ, వెనక్కి వెనక్కి ఒక్కొక్క మెట్టే ఎక్కి వచ్చేవాడు. వాన రోజుల్లో చొక్కా అంతా బురద. నేను వాణ్ణి తరగతి ముందు నిలబెట్టి మెచ్చుకొనేవాణ్ణి. పట్టుదల అంటే ఇదిరా అని మిగతా పిల్లలకు చెప్పేవాణ్ణి. వాడు తల వంచుకొనేవాడు. అది వినయం అనుకున్నాను.

అర్ధసంవత్సరపు పరీక్షల తరువాత వాడు రావడం మానేశాడు. ఇంటికి ఎవరినైనా పంపి కనుక్కుందామనుకున్నాను, పంపలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా, మా తరగతిని కిందిగదిలోకి మార్చమని ప్రధానోపాధ్యాయుణ్ణి అడగవచ్చునన్న ఆలోచన నాకు రాలేదు. కిందిగది ఉంది. ఆరవ తరగతివాళ్ళు అందులో కూర్చొనేవారు. వాళ్ళు పైకి పరుగెత్తగలరు.

మన దేశంలోనూ వికలాంగుల హక్కులకు 1995లో ఒక చట్టం, దాని స్థానంలో 2016లో మరింత విస్తృతమైన చట్టం వచ్చాయి. కాని ఆ సంవత్సరం నాకు కావలసింది చట్టం కాదు. తెలుగులో 'అడుగు' అంటే పాదం, కొలత, నడకలో ఒక అంగ. క్రియగా చూస్తే ప్రశ్నించు, కోరు. ముప్పై మూడేళ్ళు ఈ నానార్థాలను పిల్లలచేత వల్లె వేయించినవాణ్ణి. చివరి అర్థాన్ని నేను పాటించలేదు.

నేను తిరుగు ప్రయాణమయ్యే వారం ముందు మావాడు సోఫా వదిలి మూడడుగులు వేశాడు. అడుగులకు అరిసెలన్నారు కదా అని అమ్మాయి పాకం పట్టబోతే అది ముదిరిపోయి, చివరికి దుకాణంలో కొన్నవే పంచాము. పక్కవాటా పెద్దాయనకూ ఒకటి ఇచ్చాను.

ఊరు చేరాక ఒకరోజు బడికి వెళ్ళాను. మెట్లు లెక్కపెట్టాను, ఇరవై రెండు. పదవ తరగతి ఇప్పటికీ మేడమీదే. ఇప్పటి ప్రధానోపాధ్యాయుడు ఒకప్పటి నా విద్యార్థి. కూర్చోబెట్టి టీ తెప్పించాడు. మెట్లు ఎక్కలేని పిల్లలెవరైనా చేరితే ఆ తరగతిని కిందికి మార్చగలవా అని అడిగాను. ఇంత చిన్న విషయానికి నేను అంత దూరం నడిచి వచ్చినందుకు ఆశ్చర్యపోయినట్టు చూశాడు.

"దానికేముంది సార్! గది మార్చడమే కదా" అన్నాడు.

మిత్రులారా, వీలు చూసుకొని మీరు చదివిన బడికి ఎన్ని మెట్లున్నాయో ఒకసారి లెక్కపెట్టి చెప్పండి.